కడుపు తగ్గాక కండనూ మనసునూ కాపాడుకోవడం: బరువు తగ్గించే సర్జరీ తర్వాత ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి

ఆపరేషన్ అయిన మూడో నెలకి నా బరువు 21 కిలోలు తగ్గింది. చూసినవాళ్లందరూ మెచ్చుకుంటున్నారు. ఒకరోజు మంచం కిందికి దొర్లిపోయిన పెన్ను కోసం నేలమీద కూర్చున్నాను. పెన్ను దొరికింది గానీ లేవడం కుదరలేదు. మంచం కోడు పట్టుకుని, ఒక మోకాలు ఆనించి, రెండో ప్రయత్నంలో లేచాను. 21 కిలోలు అదనంగా మోస్తున్న రోజుల్లో కూడా ఇంత అవస్థ పడలేదు. ఫిజియోథెరపిస్టుకు ఈ సంగతి చెబితే ఆవిడ నా తొడ చుట్టూ టేపు పెట్టి కొలిచి, "తగ్గింది కొవ్వొక్కటే అనుకున్నారా?" అన్నారు.

అంతవరకూ నేను నడిచిందంతా బరువు తగ్గడానికే. ఆ రోజు నుంచి ఉద్దేశం మారింది. ఇంకో ఏడాదికి, మనసు విషయంలోనూ ఇలాంటి పొరపాటే చేశానని తెలిసింది. బరువు తగ్గితే దిగులు దానంతటదే పోతుందనుకున్నాను. ఈ రెండు పొరపాట్లూ మీరు చేయకుండా ఉండేందుకే ఈ మార్గదర్శి.

కింద చెప్పిన గడువులు చిన్న రంధ్రాల ద్వారా చేసే స్లీవ్, బైపాస్ ఆపరేషన్లకు, అదీ చిక్కులేవీ లేకుండా కోలుకుంటున్నవారికి సరిపోతాయి. పెద్ద కోత పెట్టినా, లోపలి కుట్ల దగ్గర లీకు, రక్తస్రావం వంటివి ఎదురైనా, ముందునుంచే గుండె జబ్బు, హెర్నియా (పొట్ట గోడ బలహీనపడిన చోట పేగు వంటివి బయటికి పొడుచుకురావడం) ఉన్నా లెక్క మారుతుంది. అప్పుడు మీ సర్జన్ చెప్పిన తేదీలనే పాటించండి.

ముందు వ్యాయామం దేనికో తేల్చుకోండి

మొదటి ఏడాది బరువు తగ్గించే పని ఆపరేషన్ చూసుకుంటుంది. స్లీవ్‌లో కడుపులో నాలుగింట మూడొంతులకు పైగా తీసేస్తారు. ఆకలి పుట్టించే ఘ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం దాంతోపాటే పోతుంది. బైపాస్‌లో చిన్న సంచిలాంటి భాగాన్ని మిగిల్చి, పేగును దానికి నేరుగా కలుపుతారు. రెండింటిలోనూ తిండి ఒక్కసారిగా పడిపోతుంది. శరీరం లోటును నిల్వల నుంచి పూడ్చుకుంటుంది. ఆ నిల్వల్లో కొవ్వుతోపాటు కండ కూడా ఉంది. తగ్గే బరువులో దాదాపు అయిదో వంతు నుంచి నాలుగో వంతు వరకూ కొవ్వు కాని భాగమే ఉంటుంది. అందులో ఎక్కువ భాగం పోయేది మొదటి ఆరు నెలల్లోనే. ఎముకల సాంద్రత కూడా తగ్గుతుంది, బైపాస్ చేయించుకున్నవారిలో ఇది ఎక్కువ.

వ్యాయామం వల్ల అదనంగా తగ్గే బరువు తక్కువే, కొద్ది కిలోలకు మించదు. ఈ మాట వినగానే చాలామంది నీరసపడతారు. నాకైతే ఇది పెద్ద ఊరట. రోజూ తూకం చూసి, "నిన్న గంట నడిచినా ముల్లు కదల్లేదే" అని ఏడవనక్కర్లేదు. వ్యాయామం ఫలితాన్ని తూకంలో వెతకకూడదు. మెట్లెక్కేటప్పుడు ఆయాసం తగ్గిందా, కుర్చీలోంచి తేలిగ్గా లేస్తున్నారా, నిద్ర పడుతోందా అన్నవి చూసుకోవాలి. తర్వాతి ఏళ్లలో తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా నిలుపుకోవడంలో మాత్రం వ్యాయామానిది పెద్ద పాత్ర.

మొదటి మెట్టు: ఆస్పత్రి మంచం నుంచి

మత్తు వదిలిన కొన్ని గంటలకే నర్సు వచ్చి లేచి నడవమంటారు. అది కాఠిన్యం కాదు. బరువెక్కువ ఉన్నవారికి ఆపరేషన్ తర్వాత కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ప్రమాదం. పిక్క కండరాలు కదిలితే రక్తం పైకి తోసుకుపోతుంది. ఆపరేషన్ సమయంలో పొట్ట ఉబ్బేలా నింపిన కార్బన్ డయాక్సైడ్ వల్ల భుజంలో వచ్చే నొప్పి కూడా నడకతో తగ్గుతుంది.

లేచే పద్ధతి మాత్రం నేర్చుకోవాలి. వెల్లకిలా పడుకుని తిన్నగా లేస్తే కుట్లమీద బరువంతా పడుతుంది. ముందు మోకాళ్లు మడవండి. భుజాలూ తుంటీ ఒకేసారి తిరిగేలా దుంగలా పక్కకి దొర్లండి. కాళ్లు మంచం అంచు నుంచి కిందికి దించుతూ, కింద ఉన్న మోచేతితో, రెండో అరచేతితో మంచాన్ని నొక్కి పైకి లేవండి. లేచి ఒక నిమిషం కూర్చుని, తల తిరగడం లేదని చూసుకుని అప్పుడు నిలబడండి. దగ్గు వస్తే చిన్న దిండు పొట్టకు అదిమిపెట్టుకోండి. ఈ రెండూ ఆపరేషన్‌కి ముందే ఇంట్లో సాధన చేస్తే ఆ రాత్రి ఎంతో హాయిగా గడుస్తుంది. నాకు ఎవరూ చెప్పలేదు. మొదటి దగ్గు ఇప్పటికీ గుర్తుంది.

మంచంమీద ఉన్నంతసేపూ గంటకోసారి పాదాలను ముందుకీ వెనక్కీ పదిసార్లు ఆడించండి. బంతులున్న ఊపిరి పరికరం ఇస్తే చెప్పినన్నిసార్లు పీల్చండి.

రెండో మెట్టు: మొదటి నెల, నడక ఒక్కటే

ఇంటికొచ్చాక ఒకేసారి అరగంట నడవాలనుకోకండి. అయిదు నుంచి పది నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు చాలు. రెండు మూడు రోజులకోసారి ఒక విడతకు రెండు నిమిషాలు కలుపుతూ పోతే, నెలాఖరుకి ఆగకుండా 20 నుంచి 30 నిమిషాలు నడవగలుగుతారు. వేగం ఎంత ఉండాలో తెలుసుకోవడానికి గడియారం కన్నా మాటే మంచి కొలత. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. గుండె వేగాన్ని తగ్గించే బీపీ మాత్రలు వాడేవారికి నాడి లెక్క తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి వారు ఈ కొలతనే పాటించడం మేలు.

మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు అయిదు కిలోలకు మించి ఎత్తకండి. నిండు బకెట్టు, ప్రయాణం పెట్టె, ఎత్తుకోమని చేతులు చాచే పసిబిడ్డ, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. పరికరాలు దూర్చిన రంధ్రాల దగ్గర లోపలి పొర అతుక్కోకముందే ఒత్తిడి పడితే అక్కడ హెర్నియా రావచ్చు. గాయాలు పూర్తిగా మూసుకునేదాకా ఈత వద్దు.

నీళ్లు మరో చిక్కు. గటగటా తాగే రోజులు పోయాయి. రోజుకు కనీసం లీటరున్నర లోపలికి వెళ్లాలి, అదీ గుక్కెడు గుక్కెడుగా. భోజనంతోపాటు తాగకుండా, తిన్న అరగంట తర్వాత మొదలుపెట్టాలి. నడకకు వెళ్లేటప్పుడు చేతిలో చిన్న సీసా ఉంచుకుని, మలుపు మలుపుకీ ఒక గుక్క అని పెట్టుకున్నాను. మొదటి నెలల్లో తిరిగి ఆస్పత్రిపాలు కావడానికి ఒంట్లో నీరు తగ్గడం తరచుగా కనిపించే కారణం. మూత్రం ముదురు రంగులో వస్తుంటే నడక సంగతి తర్వాత, ముందు నీళ్లు.

ఈ కింది వాటిలో ఏది కనిపించినా నడక ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, తెల్లవారేదాకా ఆగకూడదు:

- కూర్చుని ఉన్నా గుండె నిమిషానికి 120కి పైగా కొట్టుకోవడం, జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి, ఎడమ భుజంలో తగ్గని నొప్పి (లోపల లీకుకు ఇవి గుర్తులు కావచ్చు)
- ఒక పిక్క వాచి, తాకితే నొప్పిగా, వేడిగా ఉండటం
- హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి
- రోజుల తరబడి ఆగని వాంతులు. వీటితో థయామిన్ విటమిన్ అడుగంటుతుంది. దానికి తోడు ఒక్కటే రెండుగా కనిపించడం, నడక తూలడం, మనిషి అయోమయంగా మాట్లాడటం ఉంటే మెదడుకు దెబ్బ తగులుతోందని అర్థం

మూడో మెట్టు: మందుల చీటీ మళ్లీ చూపించండి

దీన్ని వ్యాయామ మార్గదర్శిలో ఎవరూ రాయరు, కానీ నడక పెంచేముందు చేయాల్సిన పని ఇదే. 120 కిలోల మనిషికి రాసిన బీపీ మాత్ర 100 కిలోల మనిషికి ఎక్కువైపోవచ్చు. లేవగానే కళ్లు చీకట్లు కమ్ముతున్నా, నడుస్తుంటే తల తేలిపోతున్నా "ఆపరేషన్ నీరసం" అని సరిపెట్టుకోకండి. బీపీ చూపించుకోండి. నీరు తీసే మాత్రలైతే మరింత జాగ్రత్త. మధుమేహానికి ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి వాడేవారికి వ్యాయామం తోడైతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మాత్ర తగ్గించే పని డాక్టరుది, మీరే ఆపేయకండి.

నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు మాస్కు యంత్రం వాడుతున్నవారు గురక తగ్గిందని దాన్ని అటకెక్కించకూడదు. మళ్లీ నిద్ర పరీక్ష చేసి చెప్పాలి.

బైపాస్ చేయించుకున్నవారికి ఇంకో మాట. తిన్న గంట నుంచి మూడు గంటల్లో చెమటలు, వణుకు, గుండెదడ వస్తే చక్కెర పడిపోతోందేమో చూడాలి. ఇది ఆపరేషన్ అయిన ఏడాది తర్వాత కూడా కొత్తగా మొదలుకావచ్చు. ఈ లక్షణాలున్నవారు ఒంటరిగా దూరం నడవకండి, డాక్టరుకు చూపించేదాకా గట్టి వ్యాయామాలు వాయిదా వేయండి.

మోకాళ్ల నొప్పికి ఇంట్లో ఉన్న ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వేసుకునే అలవాటుంటే మానుకోవాలి. బైపాస్ తర్వాత అవి కడుపుకు పేగును కలిపిన అతుకు దగ్గర పుండు పుట్టించవచ్చు. స్లీవ్ అయినవారూ అడగకుండా వేసుకోకూడదు.

నాలుగో మెట్టు: కుర్చీతో మొదలయ్యే బలం

ఆరు నుంచి ఎనిమిది వారాలకు సర్జన్ సరేనన్నాక అసలు పని మొదలవుతుంది. నన్నడిగితే ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉన్నవారు దీన్నే చదవాలి. ఎందుకంటే నడక అందరూ చేస్తారు, కండను నిలిపే పని ఎక్కువమంది చేయరు.

చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించండి. అంచుకు జరిగి కూర్చోండి. పాదాలు తుంటి వెడల్పున, మడమలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి. చేతులు ఛాతీమీద కట్టుకోండి. నడుము వంచకుండా తుంటి దగ్గర్నుంచి ముందుకు వాలండి. ముక్కు మోకాళ్లను దాటినట్టయ్యాక, ఊపిరి వదులుతూ, మడమలతో నేలను తోసి లేవండి. కూర్చునేటప్పుడు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ నెమ్మదిగా దిగండి. ధబ్బున కూలబడితే సగం ఫలితం పోయినట్టే, ఎందుకంటే దిగేటప్పుడు కూడా తొడ కండ పనిచేస్తోంది. మోకాళ్లు లోపలికి వాలిపోతుంటే వాటిని కాలి చిటికెనవేళ్ల వైపు తిప్పి ఉంచండి.

మొదటిరోజు నావల్ల ఆరు అయ్యాయి, ఏడోదానికి చేయి కుర్చీని పట్టేసుకుంది. అది సిగ్గుపడే సంగతి కాదు. కుర్చీమీద దిండు వేసి ఎత్తు పెంచి మళ్లీ చేశాను. పది తేలికయ్యాక దిండు తీసేశాను.

దీనికి మరో నాలుగు కలపండి:

- గోడకు అడుగున్నర దూరంలో నిలబడి చేతులు ఆనించి ఛాతీని గోడ దగ్గరకు తెచ్చి తోసే వ్యాయామం
- సాగే రబ్బరు పట్టీని తలుపు పిడికి కట్టి మోచేతులు వెనక్కి లాగడం, భుజాల ఎముకలు దగ్గరకు వచ్చేలా
- వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి తుంటిని పైకెత్తడం
- కుర్చీ వీపు పట్టుకుని మడమలు ఎత్తి మునివేళ్లమీద నిలబడటం

వారానికి రెండు లేదా మూడు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. ఒక్కోటి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, మొదట ఒక విడత, తర్వాత రెండు. చివరి రెండుసార్లు కష్టంగా ఉండాలి, లేకపోతే బలపడాలన్న కబురు కండకు అందదు. పన్నెండు తేలికైతే పట్టీ గట్టిది తీసుకోండి, కుర్చీ ఎత్తు తగ్గించండి, లేదా చేతిలో బరువు పట్టండి. ఊపిరి బిగబట్టడం మాత్రం వద్దు, పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది. పొట్టను మడిచి లేచే వ్యాయామాలు మూడు నెలల తర్వాతే, అదీ డాక్టరు ఒప్పుకుంటేనే.

కొలత కావాలంటే ఇదుగో. అరనిమిషంలో అదే కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా ఎన్నిసార్లు పూర్తిగా లేచారో నెలకోసారి లెక్కపెట్టి, తూకం రాసే కాగితంమీదే పక్కన రాయండి. తూకం ఆగిపోయిన వారాల్లో ఈ అంకె పెరుగుతుండటం చూస్తే ధైర్యం వస్తుంది. తూకం ఆగడం కూడా మామూలే. మూడు నాలుగు వారాలప్పుడు ఒకసారి, తర్వాత అప్పుడప్పుడూ ముల్లు వారాల పాటు కదలదు.

ఈ పనికి ముడిసరుకు ప్రొటీను. రోజుకు 60 నుంచి 80 గ్రాములు సాధారణ లక్ష్యం, కొందరికి డైటీషియన్ ఇంకా పెంచుతారు. చిన్న కడుపులో చోటు తక్కువ కాబట్టి ప్రతి పూటా ముందు ప్రొటీనున్నదే తినాలి. ఎముకలకు కాల్షియం (తిండి, మాత్రలు కలిపి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు), విటమిన్ డి. కాల్షియం మాత్రకూ ఐరన్ మాత్రకూ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి, లేకపోతే ఒకదాన్ని ఇంకొకటి లోపలికి పోనివ్వదు. నీరసం తగ్గకపోతే వ్యాయామం పెంచేముందు రక్తంలో ఐరన్, బి12 చూపించుకోండి. బద్ధకం అనుకున్నది చాలాసార్లు రక్తహీనత అవుతుంది.

అయిదో మెట్టు: నాలుగో నెల నుంచి ఏడాది దాకా

ఇక్కడ పెద్దగా రహస్యాలేమీ లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, రెండు రోజులు కండ బలానికి. ముందు 150 అందుకోండి. తగ్గిన బరువును నిలుపుకోవాలంటే 200 దాటి 300 వైపు వెళ్లడం మంచిది. సైకిల్, ఈత, నృత్యం ఏదైనా సరే. కీళ్లు నొప్పిగా ఉన్నవారికి నీళ్లలో నడక వరం. కానీ ఎముకకు బలం కావాలంటే ఒంటి బరువు కాళ్లమీద పడే నడక, మెట్లు వంటివి కూడా ఉండాలి. ఈత ఒక్కటే సరిపోదు.

వదులైన చర్మం సంగతి చెప్పాలి, ఎందుకంటే చాలామంది వ్యాయామం మానేది దీనివల్లే, పైకి మాత్రం చెప్పరు. పరుగెత్తితే పొట్టమీది చర్మం ఊగుతుంది, మడతల్లో చెమట చేరి ఒరిపిడి, పుండ్లు. బిగుతుగా పట్టి ఉంచే లోదుస్తులు, తొడల మధ్య రాసుకునే లేపనం, వ్యాయామం అవగానే మడతలు కడిగి పూర్తిగా ఆరబెట్టడం, ఈ మూడింటితో సగం బాధ తీరుతుంది. కండ పెరిగితే చర్మం కొంత నిండినట్టు కనిపిస్తుంది గానీ వేలాడే చర్మం వ్యాయామంతో పోదు. ఎవరైనా పోతుందంటే నమ్మకండి. తీయించుకోవాలనుకుంటే బరువు నిలకడగా ఉన్నాకే, సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర గడిచాక అడగాలి.

మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. చాలామందిలో తిరిగి వస్తుంది. ఆ వారాల్లో అద్దం ముందు ఎక్కువసేపు నిలబడకండి.

ఆరో మెట్టు: మనసు

దీన్ని ఆరోదిగా రాశాను గానీ మొదటిరోజు నుంచే నడవాల్సిన పని ఇది. పరీక్షల తేదీలు రాసుకున్నట్టే మూడో నెల, ఆరో నెల, ఏడాది, ఏడాదిన్నర, రెండేళ్లు అని మనసుకూ తేదీలు రాసుకోండి. మొదటి ఏడాది ఎక్కువమందికి దిగులు తగ్గుతుంది. తూకం తగ్గుతుంటుంది, పొగడ్తలు వస్తుంటాయి. రెండో, మూడో ఏట తూకం నిలిచిపోయి, పొగడ్తలు ఆగిపోయాక కొందరిలో కుంగుబాటు తిరిగి వస్తుంది. అప్పటికి ఆస్పత్రి చూపులు కూడా తగ్గిపోయి ఉంటాయి, అడిగేవారుండరు.

మొదట ఎదురయ్యేది తిండి లేని లోటు. కోపం వస్తే, ఒంటరిగా ఉంటే, అలసిపోతే ఇన్నాళ్లూ తినేవాళ్లం. ఇప్పుడు ఆ తలుపు మూసుకుంది, లోపలి బాధ అక్కడే నిలబడి ఉంది. నాలుగో నెలలో నేను చిన్న పుస్తకం పెట్టుకున్నాను. తినాలనిపించిన ప్రతిసారీ ఒక్క వాక్యం: ఎన్ని గంటలకు, అంతకుముందు ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది. పది రోజుల తర్వాత తిరగేస్తే సగానికి పైగా సాయంత్రం ఆరున్నరకే ఉన్నాయి, పనినుంచి వచ్చి తాళం తీసిన అయిదు నిమిషాలకు. ఆకలి కడుపులో కాదు, గొంతులో తెలుస్తోందని రాసుకున్నాను. దాంతో నడకను ఆ వేళకు మార్చాను. తాళం తీయకుండా, సంచి గుమ్మం దగ్గర పెట్టి, అటే తిరిగి పదిహేను నిమిషాలు. మీ వేళ వేరే అయ్యుండొచ్చు. రాస్తేనే అది బయటపడుతుంది. ఉత్సాహం వచ్చాక లేద్దామని కూర్చుంటే రాదు. కుంగుబాటులో కాళ్లు ముందు కదలాలి, ఉత్సాహం వాటి వెనక వస్తుంది.

ఇక అద్దం. ఒళ్లు తగ్గినంత వేగంగా మెదడులోని బొమ్మ తగ్గదు. రెండు కుర్చీల మధ్య చాలినంత చోటున్నా పక్కకు తిరిగి నడుస్తాం, చేయి అలవాటుగా పెద్ద కొలత చొక్కామీదకే వెళుతుంది. నెలకోసారి ఒకే దుస్తుల్లో, ఒకేచోట నిలబడి ఫొటో తీసుకుని పక్కపక్కన పెట్టి చూడటం కొంత సాయపడుతుంది. అయినా అద్దంలో ఇంకా పాత మనిషే కనిపించి బాధిస్తుంటే మనస్తత్వ నిపుణులతో మాట్లాడాలి.

మెచ్చుకోళ్లు కూడా గుచ్చుకుంటాయని నాకు ముందు తెలియదు. "ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అన్నాడు ఒక బంధువు. మరి మొన్నటిదాకా? "తేలిక దారి పట్టావు" అనేవారూ ఉంటారు. ప్రతివారికీ వివరణ ఇవ్వనక్కర్లేదు. నేను రెండు వాక్యాలు కంఠస్థం చేసుకున్నాను: "ఆరోగ్యం కోసం వైద్యం చేయించుకున్నాను. మీరెలా ఉన్నారు?" రెండో వాక్యమే పనిచేసేది.

ఇంట్లో కూడా లెక్కలు మారతాయి. స్వీడన్‌లో 1987లో మొదలై ఏళ్ల తరబడి సాగిన పెద్ద అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకున్నవారిలో ఒంటరివారు జంట కట్టడమూ ఎక్కువే, అప్పటికే జంటగా ఉన్నవారు విడిపోవడమూ ఎక్కువే అని తేలింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. కలిసి తినడమే కలిసి గడపడంగా ఉన్న ఇంట్లో దాని స్థానంలో ఇంకేదో రావాలి. సాయంత్రం నడకకు తోడు రమ్మని అడగండి. మీ వెంట వచ్చేవారికి మీ వేగం అడ్డం కాదు.

మద్యం సంగతి గట్టిగా చెప్పాలి. ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా బైపాస్ తర్వాత, అదే కొలత మద్యం వేగంగా, ఎక్కువగా రక్తంలోకి చేరుతుంది, మత్తు దిగడానికి ఎక్కువ సమయం పడుతుంది. వ్యసనంగా మారే ముప్పు రెండో ఏడాది నుంచి పెరుగుతుంది, అంతకుముందు అలవాటు లేనివారిలో కూడా. తిండి ఇచ్చిన ఊరట సీసాలో వెతుక్కుంటున్నామా అని ఎవరికి వారు నిజాయితీగా అడగాలి. వ్యాయామమూ ఇలాగే మారగలదు. ఒక రోజు మానితే అపరాధభావం, దెబ్బ తగిలినా ఆపలేకపోవడం, తిన్నదాన్ని కరిగించాలనే భయంతో రాత్రిపూట నడవడం ఉంటే అది ఆరోగ్యం కాదు. తిన్నది కావాలని కక్కడం కూడా అంతే. రెండూ దాచకుండా చెప్పాల్సినవే.

కుంగుబాటుకు, ఆందోళనకు మందులు వాడుతున్నవారు మానసిక వైద్యుడికి ఆపరేషన్ సంగతి తప్పక చెప్పండి. నెమ్మదిగా కరిగే మాత్రలు కొత్త పేగు దారిలో సరిగా ఒంటబట్టకపోవచ్చు, మనసు ఒడుదొడుకులకు ఇచ్చే లిథియం రక్తంలో ప్రమాదకరంగా పెరగొచ్చు. పాత మందు పనిచేయడం మానేసిందనిపిస్తే లోపం మీలో ఉందనుకోకండి.

రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర చెడటం, పనికిరానివాణ్నన్న భావన ఉంటే సాయం తీసుకునే వేళ వచ్చిందని అర్థం. ఈ ఆపరేషన్ తర్వాత ఆత్మహత్య, తనకు తాను హాని చేసుకోవడం వంటి ముప్పు కొంత పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అదే రోజు డాక్టరుకో, అత్యవసర సహాయ నంబరుకో, ఇంట్లో ఒకరికో చెప్పండి. ఒంటరిగా ఉండకండి. ఇంట్లోవారికి కూడా ఓ మాట: ఆ మనిషి నడక మానేసి, ఫోన్లు ఎత్తడం మానేసి, "బాగానే ఉన్నాను" అంటుంటే తూకం అడగకండి. నేరుగా "చనిపోవాలనిపిస్తోందా?" అని అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహే.

ఏడో మెట్టు: రెండో ఏడాది, ఆపైన

ఏడాదిన్నర, రెండేళ్లకు తూకం అడుగు తాకి, తర్వాత కొన్ని కిలోలు పైకి రావడం చాలామందిలో జరిగేదే. కొన్ని కిలోలకు కంగారు పడొద్దు. ప్రతి నెలా పెరుగుతూనే ఉంటే మాత్రం సిగ్గుతో ఆస్పత్రికి ముఖం చాటేయకండి. సరిగ్గా ఆ సమయంలోనే వెళ్లాలి. కారణం రోజంతా కొద్దికొద్దిగా తింటూ ఉండటం కావచ్చు, మందు కావచ్చు, కుంగుబాటు కావచ్చు. ఒక్కోదానికి ఒక్కో వైద్యం.

వ్యాయామం మధ్యలో ఆగిపోతుంది. జ్వరం, ప్రయాణం, ఇంట్లో చావు, ఏదో ఒకటి. రెండు వారాలకు మించి ఆగితే ఆపిన చోట కాదు, అందులో సగం దగ్గర మొదలుపెట్టండి. పట్టీ ఒక మెట్టు తేలికది, నడక సగం సేపు, వారం తర్వాత పెంచడం. అస్సలు మనసు రాని రోజుకు నాకొక కనీస మొత్తం ఉంది: కుర్చీలోంచి పదిసార్లు లేవడం, గుమ్మం దాటి వీధి చివరిదాకా వెళ్లి రావడం. ఎనిమిది నిమిషాల పని. అది కూడా చేయని రోజులున్నాయి, ఆ రోజుల తేదీ పక్కన సున్నా వేస్తాను, కారణం రాయను.

మొన్న మళ్లీ కుర్చీ లెక్క పెట్టాను. మూడో నెలలో అరనిమిషానికి ఏడు. ఇప్పుడు పదహారు.